గాలి తగ్గిన కూలర్: తప్పు మోటారుదేనా?

ఏప్రిల్ సగం దాటిందంటే కర్నూలు, కడప, ప్రొద్దుటూరు, ఆదోనిల్లో వైండింగ్ షాపుల ముందు రెండు రకాల మోటార్లు పోగవుతాయి. ఒకటి పొలాల నుంచి వచ్చే బోరు మోటార్లు, ఒళ్లంతా బురదతో. రెండోది ఇళ్ల నుంచి వచ్చే కూలర్ మోటార్లు. బోరు మోటారు తెచ్చిన రైతుకు దానికేమయిందో సగం తెలిసే ఉంటుంది. కూలర్ మోటారు తెచ్చినాయనకు తెలిసింది ఒకటే, గాలి రావడం లేదని. "మోటరు కాలిపోయిందన్నా, కొత్తది ఎంతవుతుంది?" అని మొదలుపెడతాడు. షాపాయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. ఇరుసు పట్టుకుని పైకీ కిందికీ కదిలిస్తాడు. రెండు వేళ్లతో తిప్పి వదిలేస్తాడు. నిమిషం కూడా పట్టని ఈ పరీక్ష అయ్యాక "కాలలేదులేప్పా, సాయంత్రం రా" అని పక్కన పెట్టేవి తక్కువేం కాదు.

కూలర్ గాలి ఎందుకు తగ్గుతుంది, ఏది బాగుచేయించుకోవాలి, ఏది మార్చాలి అన్నదానికి మెకానిక్కులది ఒక మాట, అమ్మేవాళ్లది ఒక మాట, పుస్తకాలది ఇంకో మాట. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: మన రాయలసీమలో కూలర్ మోటారును చంపేది చాలావరకు కరెంటు కాదు, నీళ్లూ దుమ్మూ. మోటారు ఆఖర్న పోతుంది. జబ్బు మొదలయ్యేది గడ్డిలో, నీళ్ల తొట్టిలో.

ముందుగా ఈ పెట్టె మన దగ్గర అంత బాగా ఎందుకు పనిచేస్తుందో చూడాలి. మే మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. తడిబట్ట చుట్టిన థర్మామీటరు అప్పుడు 24 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న 18 డిగ్రీలే కూలర్‌కు పెట్టుబడి. మంచి ప్యాడ్ అందులో ఐదింట నాలుగు వంతులు రాబడుతుంది, అంటే గదిలోకి వచ్చే గాలి 27, 28 డిగ్రీలు. అదే జూలైలో మబ్బు పట్టి, ఎండ 35, తేమ 60 శాతం ఉన్నప్పుడు పెట్టుబడి ఆరున్నర డిగ్రీలకు పడిపోతుంది. ఎంత కొత్త మోటారయినా అయిదు డిగ్రీలకు మించి దించలేదు. కాబట్టి వానలు మొదలయ్యాక "కూలర్ పాడయింది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు లేదు. తప్పు ఆకాశానిది. విజయవాడలో చుట్టాలింటికి పోయినప్పుడు వాళ్ల కూలర్ ఎందుకూ పనికిరానిదిగా కనిపించడానికి కారణమూ గాలిలోని ఈ తేమే.

తడిలోంచి గాలి పంపి చల్లబరిచే ఈ ఊహ పాతది. వట్టివేళ్ల తడకలు ద్వారబంధాలకు కట్టి నీళ్లు చల్లించుకోవడం మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో దొరల బంగళాల్లో దానికొక యంత్రం కూడా చేరింది, పేరు థర్మాంటిడోట్. పెద్ద చెక్కపెట్టె, లోపల రెక్కల చక్రం, పక్కలకు తడిపిన వట్టివేళ్ల తడకలు. బయట కూర్చుని పిడి తిప్పే నౌకరు ఒకడు. ఇప్పటి బ్లోయర్ కూలర్‌కూ దానికీ తేడా ఆ నౌకరు చోట మోటారు రావడమే. నౌకరు అలసిపోతే కనిపించేది, మోటారు అలసట బయటికి కనిపించదు.

ఇక గాలి రాని కూలర్ దగ్గరికి. ప్లగ్గు తీసేశాకే చెయ్యి పెట్టాలి, స్విచ్ ఆపితే చాలదు. మొదట రెక్కను చేత్తో తిప్పి చూడాలి. వదిలాక నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరిగి ఆగితే ఇరుసుకు ఇబ్బంది లేనట్టు. బిగుసుకుని ఉంటే బుష్‌లో గానీ బేరింగ్‌లో గానీ అడ్డం పడింది. తేలిగ్గా తిరిగే రెక్క, స్విచ్ వేస్తే "హుమ్" అని మూలుగుతూ కదలకుండా నిలబడితే, ఒక పొడవాటి కట్టెపుల్లతో (వేలితో కాదు) చిన్నగా తోసి చూడండి. అప్పుడు అందుకుని తిరిగితే చాలావరకు కండెన్సర్ పోయిందనే అర్థం, వంద రూపాయల లోపు సరుకు. మూలుగు కూడా లేదంటే మోటారు దాకా కరెంటే రావడం లేదు: ప్లగ్గు, వైరు, స్పీడ్ స్విచ్, చివరికి చుట్టలో దాచిన థర్మల్ ఫ్యూజు, ఈ వరసలో వెతకాలి. మూడు స్పీడుల్లో ఒక్కటే పనిచేస్తోందంటే ముందు స్విచ్‌లోపలి రాగి రేకులు చూడాలి. అవి నల్లగా మాడి ఉండటం చాలా మామూలు.

కండెన్సర్ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే జనం ఎక్కువ మోసపోతారు, కొన్నిసార్లు తమను తామే మోసం చేసుకుంటారు. కూలర్ మోటారులో రెండు చుట్టలుంటాయి. రెండో చుట్టకు కరెంటును కాస్త ముందుగా అందించి తిరిగే ఊపు తెప్పించేది ఈ డబ్బా. దాని మీద 2.5 అనో 3.15 అనో 4 అనో మైక్రోఫారడ్ల లెక్క, పక్కన 440 వోల్టులు అని రాసి ఉంటుంది. వేడికి లోపలి పొర నెమ్మదిగా దెబ్బతిని, 4 ఉండాల్సింది 2కు దిగుతుంది. అప్పుడు మోటారు పూర్తిగా ఆగదు, నీరసంగా తిరుగుతుంది. ఇంటాయన మోటారు ముసలిదయిందనుకుంటాడు. మల్టీమీటరులో కెపాసిటెన్స్ గుర్తు దగ్గర పెట్టి కొలిస్తే గుట్టు తేలిపోతుంది (కొలిచేముందు రెండు తీగల మధ్య చార్జీ దించేయాలి). ఇంకో తప్పు దీనికి ఎదురుది: "4 పెడితే తిరుగుతోంది కదా, 6 పెడితే ఇంకా జోరుగా తిరుగుతుంది" అని పెద్దది తగిలించడం. జోరు పెద్దగా పెరగదు, రెండో చుట్ట వేడెక్కి మాడుతుంది. మోటారు మీది రేకులో ఏ అంకె ఉంటే అదే వేయాలి.

వోల్టేజీ సంగతీ ఇక్కడే. ఈ మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట సాయంత్రం 180 వస్తే బలం 61 శాతానికి పడుతుంది. పల్లెల్లో రాత్రి ఎనిమిదికి మందంగా తిరిగి, అర్ధరాత్రి దాటాక హోరెత్తే కూలర్‌కు మెకానిక్ అవసరం లేదు.

బుష్ దగ్గర కొంచెం ఆగుదాం. చవక మోటార్లలో ఇరుసు రెండు కొసలా కంచు పొడితో చేసిన చిన్న గొట్టాల్లో తిరుగుతుంది. వాటి చుట్టూ నూనె పీల్చిన ఉన్ని బిళ్ల. ఆ నూనె ఎండిపోయేదాకా ఎవరికీ గుర్తుండదు. పాత మోటారు విప్పి చూడండి: ఉన్ని బిళ్ల మీద నల్లటి జిగురు, ఇరుసు మీద గోటితో తడిమితే తెలిసే గాడి, లోపలి రోటర్ మీద ఒక పక్క మాత్రం కొత్త రూపాయిలా మెరిసే మరక. ఆ మరకే అసలు సాక్ష్యం. బుష్ అరిగి ఇరుసు ఒక పక్కకు జారి, రోటర్ వెళ్లి చుట్టల ఇనుముకు రాసుకుంటోందన్నమాట. ఈ దశలో కూడా చుట్టలు బాగుంటే బుష్‌లు మారిస్తే సరిపోతుంది. అసలు ఈ దశ రాకుండా, సీజన్ మొదట్లో కొసకు నాలుగు చుక్కల కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు. కొబ్బరినూనె వేసే అలవాటు మన ఇళ్లల్లో ఉంది. వారం బాగానే ఉంటుంది, తర్వాత దుమ్ము పట్టి అదే జిగురవుతుంది. బేరింగ్ మోటారయితే నూనె గొడవ లేదు, కరకరమన్నప్పుడు బేరింగే మార్చాలి. దాని అంచు మీదే నంబరు చెక్కి ఉంటుంది: 6201 అంటే లోపలి రంధ్రం 12 మి.మీ., 6202 అంటే 15. ఆ నంబరు చెప్తే ఏ ఆటోమొబైల్ షాపులోనైనా ఇస్తారు.

అన్నింటికన్నా పెద్ద కథ నీళ్లది. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి కర్నూలు, నంద్యాల ప్రాంతాల మీదుగా కడప దాకా వచ్చే కె.సి. కాలువ ఒడ్డు ఊళ్లలో కూలర్ గడ్డి ఒక రకంగా ఉంటుంది, బోరు మీద బతికే ఊళ్లలో ఇంకో రకంగా ఉంటుంది. తాగునీటి ప్రమాణాల్లో లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలు మేలు, గత్యంతరం లేకపోతే 2,000 దాకా ఒప్పుకోవచ్చు. మన బోరు ఒకటి 1,500 చూపిస్తోందనుకుందాం. కూలర్ రోజుకు 40 లీటర్లు తాగితే, ఆవిరయ్యేది నీరే, లవణం ఎక్కడికీ పోదు. రోజుకు 60 గ్రాములు, నెలకు కిలో 800 గ్రాములు. తొట్టిలో, గడ్డిలో, పంపు నోట్లో, రెక్కల మీద ఎక్కడో ఒకచోట పేరుకోవాల్సిందే. మే నెలాఖరుకు గడ్డి డోరు విప్పి నొక్కితే గవ్వలు నలిగినట్టు చప్పుడు వచ్చేది అందుకే. ఈ మధ్య ఆర్.ఓ. యంత్రం వదిలేసే నీళ్లు వృథా ఎందుకని కూలర్లో పోస్తున్నారు. ఆదా మంచిదే గానీ, ఆ నీళ్లలో ఉన్నది మామూలు నీటికన్నా చిక్కని లవణం. గచ్చు కడగడానికి వాడుకోండి, కూలర్‌కు వద్దు.

గడ్డి గట్టిపడితే మోటారుకేం? రెండు రకాలుగా దెబ్బ. కూలర్ మోటారు ఉండేది పెట్టె లోపల, తడిగాలి దారిలో. బయట 43 ఉన్నా అది పీల్చేది 28 డిగ్రీల గాలి. కూలర్ చల్లబరిచే మొదటి వస్తువు తన మోటారే. పంపు ఆగిపోయి, ఎండు గడ్డిలోంచి 43 డిగ్రీల గాలి నేరుగా వస్తుంటే మోటారు వేడి పదిహేను డిగ్రీలు పెరుగుతుంది. చుట్టల మీది పూత విషయంలో ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది, ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుందని. ఆ ప్రకారం పదిహేను డిగ్రీలంటే మూడో వంతు మిగిలినట్టు. "నీళ్లయిపోయినా గాలన్నా వస్తుంది కదా" అని మధ్యాహ్నమంతా వట్టిగా తిప్పే ఇళ్లల్లో మోటార్లు ముందుగా పోవడం దీనివల్లే.

రెండో దెబ్బ బరువు. గాలి దారి మూసుకుంటే మామూలు రెక్కల ఫ్యాను మీద బరువు పెరుగుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. బేతంచెర్ల, బనగానపల్లె లాంటి నాపరాళ్ల ఊళ్లలో, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల రోడ్ల పక్కన, గడ్డి మీద లవణంతో పాటు రాతి దుమ్మూ కలిసి పూత పూసినట్టవుతుంది. అక్కడ వారానికోసారి తొట్టి నీళ్లు పూర్తిగా పారబోసి, గడ్డిని పైపుతో వెనక నుంచి కడగడం తప్పనిసరి. ఎట్లాగూ డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే పట్టేది కాబట్టి ఆ కడుగుడు రెండు విధాలా పనికొస్తుంది. పంపు నోట్లో తెల్ల పెచ్చులు కట్టి నీళ్లు సన్నబడితే రాత్రంతా చింతపండు నీళ్లలోనో నిమ్మ ఉప్పు నీళ్లలోనో నానబెడితే వదిలిపోతాయి. పంపు చిన్నదే, 18 నుంచి 40 వాట్లు. నీళ్లు లేకుండా తిప్పితే మాత్రం తొందరగా మాడిపోతుంది.

గడ్డా, తేనెపట్టు ప్యాడా అన్న వాదులాటలో నేను ఎటూ గట్టిగా నిలబడలేను. తేనెపట్టుది ఎక్కువ కాలం, ఎక్కువ చల్లదనం. కానీ బోరు నీళ్లకు దాని సన్నటి గదులు మూసుకుపోతే కడగడం కష్టం, ధరా ఎక్కువ. ఉప్పునీటి ఊళ్లలో ఏటా పారేసే చవక గడ్డే మేలని చాలామంది మెకానిక్కులు అంటారు. అది ఒప్పుకోదగ్గ మాటే.

రెక్కల ఫ్యానుకూ బ్లోయర్‌కూ ఉన్న తేడా మాత్రం తప్పకుండా తెలుసుకోవాలి, ఎందుకంటే పరీక్ష తలకిందులవుతుంది. సన్నగా నిలువుగా ఉండే టవర్ కూలర్లలో ఉండేది బ్లోయర్, గొట్టంలాంటి చక్రం చుట్టూ వంపు తిరిగిన చిన్న చిన్న రెక్కలు. దీనికి దారి మూసుకుంటే బరువు తగ్గుతుంది. చక్రం ఇంకా వేగంగా, ఈలవేస్తూ తిరుగుతుంది. గాలి మాత్రం రాదు. చప్పుడు పెరిగి గాలి తగ్గితే ప్యాడ్ చూడండి. చప్పుడూ గాలీ రెండూ తగ్గితే మోటారు వైపు చూడండి. మెకానిక్ వెనక డోరు తీసేసి బ్లోయర్‌ను చాలాసేపు నడపడమూ మంచిది కాదు, అడ్డం లేకపోతే దాని మీద బరువు హెచ్చి మోటారు వేడెక్కుతుంది. ఆ చిన్న రెక్కల వంపుల్లో దుమ్ము నిండితే వంపు లేనట్టే. పాత పళ్లబ్రష్షుతో ఒక్కో రెక్కా గీకడం విసుగు పనే గానీ, సగం గాలి అక్కడే తిరిగొస్తుంది.

అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో మనవాళ్లలో కొందరి ఇళ్లల్లో ఈ బ్లోయర్ కూలర్‌కు సవతి చెల్లెలు ఉంది: రంపపు పొట్టును గుళికలుగా నొక్కి మండించే పొయ్యి. దానిలో ఒక బ్లోయర్ మంటకు గాలి అందేట్టు చేస్తుంది, ఇంకొకటి వేడిని గదిలోకి తోస్తుంది. మనకు లవణం, వాళ్లకు బూడిద, బొచ్చు. బాగుచేసే వరస కూడా ఇదే: ముందు చక్రం శుభ్రం చేయి, తర్వాత ఇరుసు చూడు, ఆ తర్వాతే మోటారు మార్చు. ఒక్క తిరకాసు ఉంది. పొయ్యి ఒళ్లు వేడెక్కేదాకా గది బ్లోయర్‌ను ఆపి ఉంచే చిన్న వేడి స్విచ్ ఒకటి ఉంటుంది. అది చెడినా బ్లోయర్ తిరగదు, నింద మోటారు మీదే పడుతుంది.

ఇక నిజంగానే చుట్టలు కాలిన మోటారు. దీనికి రెండు దారులు, రీవైండింగ్, కొత్తది. మన సీమకు ఇక్కడొక వసతి ఉంది. బోర్ల మీద బతుకు కాబట్టి మండల కేంద్రాల్లో కూడా చుట్టలు చుట్టే చెయ్యి దొరుకుతుంది. ఆ చేతికి కూలర్ మోటారు చిన్న పని. పాత తీగ మందం కొలిచి, చుట్లు లెక్కపెట్టి, అదే రాగి తీగతో చుట్టి, వార్నిష్ పోసి ఎండబెట్టేవాడి దగ్గర రీవైండింగ్ కొత్త మోటారుతో సమానం. లెక్కపెట్టకుండా ఉన్న తీగతో చుట్టేవాడి దగ్గర డబ్బు దండగ. కొత్త మోటారు కొనేటప్పుడు తగిలే చిక్కు అల్యూమినియం. రాగితో పోలిస్తే కరెంటు మోసే శక్తి దానికి 61 శాతమే, కాబట్టి తీగ లావుగా ఉండాలి. లావుగా వేసి చేస్తే అది పాపమేం కాదు, రాగి అని చెప్పి అమ్మడమే పాపం. కొస పూత బ్లేడుతో గీకితే వెండిలా మెరిస్తే అల్యూమినియం, ఎర్రగా ఉంటే రాగి. రాగి పూత పూసిన అల్యూమినియమూ వస్తోంది, అందుకే కాస్త లోతుగా గీకాలి.

మార్చడానికి వెళ్లేటప్పుడు పాత మోటారును చేతబట్టుకునే వెళ్లండి. ఇరుసు మందం, పొడవు, బిగించే రంధ్రాల దూరం, రెక్క ఎన్ని అంగుళాలది, నిమిషానికి ఎన్ని చుట్లు (మామూలుగా 1,400 దగ్గర), ఏ వైపు తిరుగుతుంది, ఇవన్నీ సరిపోవాలి. వైర్లు విప్పేముందు ఫోనులో ఫొటో తీసుకుంటే మంచిది. రెండో చుట్ట కొసలు అటూ ఇటూ అయితే మోటారు ఎదురు తిరుగుతుంది. బ్లోయర్‌లో అయితే అప్పుడూ గాలి కొంచెం వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, "కొత్త మోటారు కూడా ఇంతేనా" అని నిట్టూరుస్తారు. రెక్క మధ్య స్క్రూ ఇరుసు చదును భాగం మీద కూర్చునేట్టు బిగించాలి, లేకపోతే ఇరుసు తిరుగుతుంది, రెక్క జారుతుంది.

షాకు సంగతి. రేకు కూలర్, తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, నీళ్లు పోసే ఇనుప బకెట్టు, ఇంతకన్నా ప్రమాదమైన కూడిక ఇంట్లో ఇంకోటి లేదు. పంపు వైరు చిల్లుపడ్డా, మోటారు చుట్ట తడిసి దాని ఒంటికి కరెంటు తగిలినా రేకంతా ప్రాణం తీసేదవుతుంది. మూడో పిన్ను కోసేసి రెండు పిన్నులతో వాడేవాళ్లను చూస్తుంటాం. ఎర్తు సరిగ్గా ఉండాలి, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి, నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు గోడలోంచి బయట ఉండాలి. కూలర్ "చిన్నగా చిమచిమలాడుతోంది" అంటే అది తర్వాత చూసుకునే సంగతి కాదు, ఆ క్షణమే ఆపాలి.

గది మూసేసి కూలర్ వేసుకోవడం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. తడిగాలి పోవడానికి ఎదుటి కిటికీ తెరిచి ఉండకపోతే గంటలో గది ఉక్కపోస్తుంది, దానికీ మోటారునే తిడతారు. కడప బండలు పరిచిన పాత మిద్దెల్లో, పగలంతా కాగిన బండ రాత్రి పదింటిదాకా వేడి వదులుతూనే ఉంటుంది కాబట్టి, ఆ కిటికీ అవసరం ఇంకా ఎక్కువ.

చివరగా కొత్తగా వస్తున్న బి.ఎల్.డి.సి. మోటార్లు. మామూలు కూలర్ మోటారు 150 నుంచి 200 వాట్లు లాగితే ఇది దాదాపు సగంతో సరిపెట్టుకుంటుంది, ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు నడుస్తుంది, వోల్టేజీ కొంత పడినా వేగం తగ్గదు. బుష్, బేరింగ్ చిక్కులు దీనికీ ఉన్నాయి. తేడా ఏమిటంటే చుట్టల్ని నడిపేది ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. మన దగ్గర ఉప్పు తుంపరా దుమ్మూ పడేది ఆ బోర్డు మీదే. అది పోతే వైండింగ్ షాపులో ఉన్న తీగా వార్నిషూ ఎందుకూ పనికిరావు, అదే మోడల్ బోర్డు దొరకాలి. కొనేముందు బోర్డు విడిగా అమ్ముతారా, కర్నూల్లోనో కడపలోనో దొరుకుతుందా, హైదరాబాదు నుంచి తెప్పించాలా అని అడిగి, బిల్లు మీద మోడల్ నంబరు రాయించుకోండి.